చిగుళ్ళ రంగు

తలుపు మూసుకుంది. అది రెండు వైపులకీ తెరుచుకునే రకం తలుపు, కింద స్టీలు రేకు కొట్టి ఉంది, మూసుకున్నాక కూడా కాసేపు అటూ ఇటూ ఊగింది, ఊగిన ప్రతిసారీ లోపలి తెల్లటి వెలుతురు సన్నటి చీలికలా కనిపించి మాయమయింది. అటువైపు చక్రాల బల్ల పోతున్న చప్పుడు వినిపిస్తోంది. ఒక చక్రానికి నూనె లేదు, కాదు కాదు, నూనె లేకపోతే కిర్రుమంటుంది, ఇది కటకటమంటోంది, బేరింగు పోయింది, ఇలాంటప్పుడు కూడా ఇదేం పాడు బుద్ధి అని తనని తానే తిట్టుకున్నాడు అతను. కానీ జీవితమంతా లిఫ్టులు బాగుచేస్తూ బతికినవాడికి చెవులు మూసుకోవడం చేతకాదు, ఏ మేడలోకి వెళ్ళినా ముందు తీగల మూలుగు వినపడుతుంది, తర్వాతే మనుషుల మాటలు. మేస్త్రి ఆ బల్ల మీద పక్కకి ఒరిగి పడుకుని వెళ్ళాడు. తల ఎత్తలేదు. ఒక చెవి నిక్కబొడుచుకుని, ఒక చెవి వాలిపోయి ఉండే కుక్క, ఇవాళ రెండూ వాలిపోయాయి. కళ్ళు మాత్రం తలుపు మూసుకునేదాకా ఇటే ఉన్నాయి, తన వైపో అత్తగారి వైపో చెప్పలేం, ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు కాబట్టి.

"స్కానింగ్ చేసి వచ్చి చెప్తాను, కూర్చోండి" అని వెళ్ళింది డాక్టరమ్మ. కూర్చోమంటే కూర్చున్నారు. ఒకే ఇనప కడ్డీకి బిగించిన ప్లాస్టిక్ కుర్చీలు, ఒకరు కదిలితే వరసంతా కదులుతుంది, అత్తగారు చేతిసంచీ ఒళ్ళో సర్దుకుంటే ఆ కదలిక అతని వెన్నులోకి వచ్చింది. ఇద్దరి మధ్యా ఒక కుర్చీ ఖాళీ. ఎక్కడ కూర్చున్నా ఇద్దరి మధ్యా ఒక జాగా ఖాళీగా ఉంటుంది, ఇంట్లో అయితే ఆ జాగాలో మేస్త్రి ఉంటాడు. ఎదురుగా బుట్టలో పిల్లిని పెట్టుకుని ఒకావిడ కూర్చుంది, బుట్ట కంతల్లోంచి వేలు పెట్టి పిల్లి నుదురు రాస్తోంది, పిల్లి ఊరుకోకుండా ఎవరినో పేరుపేరునా తిడుతున్నట్టు అరుస్తోంది. అరిచే ఓపిక ఉంది దానికి, అదృష్టవంతురాలు. ఫినాయిలు వాసన, దాని కింద తడిసిన బొచ్చు వాసన, దాని కింద భయం వాసన, భయానికి వాసన ఉంటుందని మేస్త్రి వల్లే తెలిసింది, ఈ గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా వాడు నేల వాసన చూసి తోక ముడిచేవాడు, ముందు వచ్చిన జంతువులన్నీ నేల మీద ఏదో రాసి పోయినట్టు. ఇవాళ వాసన చూడలేదు. తను రెండు చేతుల మీద మోసుకొస్తే గడ్డం మోచేతి మీద ఆన్చి, అన్నీ తెలిసిన పెద్దమనిషిలా లోపలికి వచ్చాడు.

పొద్దున్న బాగానే ఉన్నాడు. బాగానే అంటే, లేచాడు. లేవడం కూడా బాగుండటం కిందికి ఎప్పుడు వచ్చింది? ఎప్పుడో వచ్చింది, చెప్పకుండా వచ్చింది. ఒకప్పుడు బాగుండటమంటే గేటు మీదికి ఎగిరి పోస్టుమన్ని పరిగెత్తించడం, తర్వాత గేటు దాకా వెళ్ళి మొరగడం, తర్వాత పడుకున్నచోటే ఒక మొరుగు మొరిగి బాధ్యత తీర్చుకోవడం, తర్వాత తల ఎత్తి చూడటం. ఒక్కో మెట్టూ దిగుతుంటే పక్కనే ఉన్నవాళ్ళకి మెట్లు కనిపించవు. ఇవాళ మధ్యాహ్నం తను భోజనానికి ఇంటికి వచ్చాడు, మేస్త్రి గుమ్మంలోకి ఎదురొచ్చాడు, తోక ఒకసారి ఊపాడు, రెండోసారి ఊపబోయి వెనక కాళ్ళు ఎవరో లాగేసినట్టు కూలిపోయాడు. చప్పుడు కూడా కాలేదు. తడి బట్ట దండెం మీంచి జారినట్టు జారాడు. అత్తగారు వంటింట్లోంచి గరిటె చేత్తోనే వచ్చింది. "మళ్ళీనా!" అంది. ఆ మాట అప్పుడు అతని చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. మళ్ళీనా. మళ్ళీ అంటే ముందు ఒకసారి ఉండాలి కదా.

ఇందాక లోపలి గదిలో డాక్టరమ్మ మేస్త్రి పైపెదవిని బొటనవేలితో ఎత్తింది. చిన్న వయసు, చేతులు మాత్రం పెద్దవాళ్ళ చేతుల్లా నిదానం. చిగుళ్ళు కనిపించాయి. తెల్లగా ఉన్నాయి, సున్నం కొట్టిన గోడలా, వాటి మీద పసుపుపచ్చ పళ్ళు మరీ పెద్దవిగా కనిపించాయి. వేలితో చిగురుని నొక్కి వదిలి, "చూడండి, నొక్కి వదలగానే గులాబీ రంగు మళ్ళీ రావాలి. చాలా ఆలస్యంగా వస్తోంది, వచ్చేది కూడా రంగులా లేదు" అంది. అతను చూశాడు. అంతకుముందే చూశాడు. అదే అసలు సంగతి, అంతకుముందే చూశాడు. ఆ మధ్య ఒకరోజు కిటికీ పక్కన పడుకుని మేస్త్రి బారెడు ఆవలింత తీస్తే నోటి లోపలంతా పాలిపోయి కనిపించింది, కిటికీ వెలుతురు పడి అలా ఉందిలే అనుకున్నాడు, అనుకుని చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు, పెట్టుకుంటూ కిటికీకి పరదా కూడా లాగాడు. పరదా ఎందుకు లాగినట్టు? ఎండ ఏమీ లేదు ఆ రోజు.

"ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడండీ?" అని అడిగింది డాక్టరమ్మ, పొట్టమీద రెండు చేతులూ ఆన్చి మెల్లగా నొక్కుతూ. "ఇవాళే, మధ్యాహ్నం" అన్నాడు అతను. సరిగ్గా అదే క్షణంలో అత్తగారు, "వానలు మొదలైనప్పట్నించీ" అంది. ఇద్దరి మాటలూ గాల్లో ఢీకొన్నాయి. డాక్టరమ్మ చేతులు ఆపింది గానీ తల ఎత్తలేదు, ఇలాంటివి చాలా విన్నదానిలా. అతను అత్తగారి వైపు తిరిగాడు. ఆవిడ మేస్త్రి కాళ్ళ వైపు చూస్తోంది. వానలు మొదలైనప్పట్నించీ అంటే ఎన్ని వారాలు, ఇప్పుడు వానలు వెనకబట్టి ఆకాశం తేటపడింది కూడా.

తర్వాత డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగింది, ఇద్దరూ ఒక్కొక్కటే చెప్పారు, ఒకరు చెప్పింది ఇంకొకరికి కొత్త. పెరట్లో బట్టలారేసే తీగ కింద ఒకసారి పడిపోయాడట, కాసేపు కళ్ళు తేలేసి, ఆవిడ నీళ్ళు తెచ్చేలోగా ఏమీ జరగనట్టు లేచి ఒళ్ళు దులుపుకున్నాడట. అది అతనికి తెలియదు. తిండి సగం వదిలేస్తున్నాడు, అది ఆవిడకి తెలియదు, ఎందుకంటే పొద్దున్నే ఆవిడ లేచేలోగా ఆ మిగిలిన సగం గోడవతల పారబోసి గిన్నె కడిగి బోర్లించేవాడు అతను. "గిన్నె ఖాళీగా ఉంటే తింటున్నాడనుకున్నానే" అంది ఆవిడ, గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. ఊరికే పడుకుని ఉన్నప్పుడు కూడా డొక్కలు వేగంగా ఎగసి పడుతున్నాయి, అది ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ వేరువేరుగా చూశారు. వెన్నెముక చేతికి గుచ్చుకుంటోంది, పొట్ట మాత్రం గుండ్రంగా ఉంది. ఒళ్ళు చేశాడు అనుకున్నానని అతను అన్నాడు. అంటుంటే ఆ మాట ఎంత అబద్ధమో తనకే వినిపించింది, ఒళ్ళు చేసిన కుక్కకి ఎముకలు ఎలా తేలతాయి? మొన్న తూకం వేసే రేకు మీద నిలబెట్టినప్పుడు, మొన్న కాదు పోయిన ఏడు, ఎంతున్నాడో ఇవాళ అంతకన్నా తగ్గాడు. "వయసైంది కదా, అందుకనుకున్నామండీ" అంది అత్తగారు. "అందరూ అలాగే అనుకుంటారమ్మా. వయసు జబ్బు కాదు, కానీ జబ్బులన్నీ దాని వెనకే నక్కి వస్తాయి" అంది డాక్టరమ్మ. తప్పు పట్టినట్టు అనలేదు. తప్పు పట్టినా బాగుండేది.

పిల్లి ఆవిడని లోపలికి పిలిచారు. వరండా ఖాళీ అయింది. గోడ మీద ఒక గడియారం, ఒక కుక్కపిల్ల బొమ్మ ఉన్న కేలెండరు, ఆ కుక్కపిల్ల నోరంతా గులాబీ రంగు, నాలుక గులాబీ, చిగుళ్ళు గులాబీ, ముక్కు కూడా గులాబీ. మేస్త్రి కూడా ఇంతే ఉండేవాడు వచ్చినప్పుడు. వచ్చాడా? ఎవరు తెచ్చారు? ఎవరూ తేలేదు, వంటింటి గోడ పగలగొట్టి పెద్దది చేయిస్తున్న రోజులవి, వీధిలో ఇసక కుప్ప పోయించారు, ఒక పొద్దున్న ఆ ఇసకలో గుంట తవ్వుకుని పడుకుని ఉన్నాడు, చెంబుడంత ప్రాణం. ఆమె ఎత్తి లోపల పెట్టింది, అతని భార్య. మొక్కల నర్సరీ నడిపేది, చేతిగోళ్ళలో ఎప్పుడూ మట్టి, దేన్ని చూసినా ముందు నీళ్ళు పోసేది, వీడికీ ముందు నీళ్ళే పోసింది. ఆ రోజు నుంచీ పని జరుగుతున్నంతసేపూ వీడు ఇటుకల కట్ట మీద కూర్చుని కూలీల వైపే చూసేవాడు, ఎవరైనా బీడీ కాల్చుకోవడానికి ఆగితే భౌమనేవాడు. అసలు మేస్త్రి కడుపుబ్బ నవ్వి, "అమ్మా, నాకింక పనిలేదు, మీ మేస్త్రి వచ్చాడు" అన్నాడు. పేరు అదే అయిపోయింది. ఆమె నవ్వు ఎలా ఉండేది? ముందు భుజాలు కదిలేవి, తర్వాత చప్పుడు వచ్చేది, ఇది గుర్తుంది, చప్పుడు మాత్రం రోజురోజుకీ తగ్గుతోంది, అన్ని చప్పుళ్ళూ గుర్తుపట్టే చెవికి అదొక్కటే అందకుండా పోతోంది.

ఆమెకీ ఇంతే. మొదట అలసట. ఎండాకాలం కదా అంది. తర్వాత బుగ్గలు లోపలికి పోయాయి, బరువు తగ్గాలని నేనే అనుకుంటున్నాలే అంది. తర్వాత నర్సరీలో నీళ్ళ గొట్టం పట్టుకుని నిలబడలేక స్టూలు వేసుకుంది, ఎన్నాళ్ళని నిలబడతాను నేనేమైనా గుర్రాన్నా అంది. ఒక్కో లక్షణానికీ ఒక్కో ముద్దుపేరు పెట్టింది. ముద్దుపేరు పెడితే జబ్బు కూడా ఇంట్లో మనిషైపోతుంది, వెళ్ళమనడానికి మొహమాటం. డాక్టర్ల దగ్గరికి వెళ్ళేసరికి వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత మందులు, సూదులు, జుట్టు, వాంతులు, మళ్ళీ మందులు. అప్పుడు ఒకరోజు, ఆసుపత్రి వరండాలో, ఇలాంటి కుర్చీలే, అత్తగారు అతనితో అంది, "చాలు అల్లుడుగారూ. ఇంటికి తీసుకెళ్ళిపోదాం." ఇంకో రకం మందు ఉందని పెద్ద డాక్టరు చెప్పాడు, తను సరే అన్నాడు కూడా, ఆవిడ మాత్రం చాలు అంది, ఆమె కూడా తల్లి మాటే విని ఇంటికి వచ్చేసింది, కిటికీ పక్కన మంచం వేయించుకుంది, మంచం కింద మేస్త్రి. కొన్నాళ్ళకి మంచం కింద మేస్త్రి మిగిలాడు.

కన్నతల్లి చాలు అనొచ్చా? ఎవరైనా అనొచ్చు, కన్నతల్లి అనొచ్చా? ఈ ప్రశ్నని అతను పైకి అడగలేదు. మింగాడు. మింగిన ప్రశ్న గొంతుకి అడ్డంపడి ఆవిడతో మాట్లాడటం మానేశాడు. పొమ్మనలేదు, ఆవిడా పోలేదు, కూతురి మొక్కలకి నీళ్ళు పోస్తూ ఉండిపోయింది. ఒకే కప్పు కింద ఇద్దరు, మాటలు లేవు, ఉన్నది మేస్త్రి ఒక్కడే. ఒకరోజు వాన పడుతుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి, "మేస్త్రీ, మీ నాన్నకి చెప్పు, గొడుగు మర్చిపోయారని" అంది. అతను గొడుగు తీసుకున్నాడు. సాయంత్రం వచ్చి, "మేస్త్రీ, మీ అమ్మమ్మని అడుగు, మోకాళ్ళ మాత్రలు ఉన్నాయా అయిపోయాయా అని" అన్నాడు. అలా మొదలైంది. మేస్త్రి ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూసి, తనకేదో పెద్ద పని అప్పజెప్పారని తోక ఊపేవాడు. ఆవిడ ఉద్యోగం చేసిందంతా టెలిఫోన్ ఎక్స్చేంజిలో, చెవులకి గొట్టాలు తగిలించుకుని ఊళ్ళకీ ఊళ్ళకీ లైన్లు కలిపేది, ఒకసారి తనే నవ్వింది, "నా సర్వీసంతా కలిపి నేను కలపనన్ని లైన్లు ఈ వెధవ కలిపాడు" అని. అప్పుడు ఇద్దరూ కలిసి నవ్వారు. నవ్వాక ఇద్దరికీ సిగ్గేసింది. ఆ తర్వాత నేరుగానే మాట్లాడుకోసాగారు, ఉప్పు అయిపోయింది, కరెంటు పోయింది, మీకు ఫోను, లాంటివి. అంతకుమించిన మాట ఏది వచ్చినా మేస్త్రి మెడ మీంచే వెళ్ళాలి.

"ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?" అన్నాడు ఇప్పుడు, కేలెండరు వైపు చూస్తూ. "పెరట్లో పడిపోయాడని."

"మీరెందుకు చెప్పలేదు, తినట్లేదని?"

  ఆవిడే అంది, సంచీ తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, "మీకు తెలిస్తే ఇక్కడికి తీసుకొస్తారు. తీసుకొస్తే ఏదో ఒకటి చెప్తారు వీళ్ళు. ఇంకొన్నాళ్ళు చెప్పించుకోకుండా ఉంటే పోలా అనుకున్నా." తాడు వదిలేసింది. "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు."

"రెండు పిల్లులు" అన్నాడు అతను.

ఆవిడ పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వు కాదు, నవ్వుకి చిరునామా. లోపల ఏదో యంత్రం బీప్ బీప్‌మంటోంది, ఆగింది, మళ్ళీ మొదలైంది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా ఇద్దరూ తల ఎత్తారు.

ఆవిడకి చిన్న కూతురు ఉంది, పక్క ఊళ్ళోనే, మంచి ఇల్లు, గాలీ వెలుతురూ ఉన్న గది ఒకటి తల్లి కోసమే అట్టేపెట్టింది. వారానికోసారి ఫోను చేస్తుంది, అమ్మా ఎన్నాళ్ళు అక్కడ, అక్కే లేదు, ఆయనకి నువ్వు బరువు, నీకు ఆయన బరువు. ఆ అమ్మాయి గొంతు గట్టిది, ఫోను చెవికి ఆన్చుకున్నా గదంతా వినిపిస్తుంది. ప్రతిసారీ ఆవిడ జవాబు ఒకటే, "మేస్త్రి ముసలాడయ్యాడే, వాణ్ణి వదిలేసి ఎలా రాను, మీ బావగారు పొద్దున వెళ్తే సాయంత్రం దాకా రారు, వాడికి తిండెవరు పెడతారు?" ఆ మాట వినబడ్డప్పుడల్లా పక్కగదిలో అతను చేతిలో ఉన్న పని ఆపేవాడు. ఆవిడ ఉంటే ఏమిటి, పోతే ఏమిటి, అని ఒకప్పుడు అనుకున్న మాట నిజమే. ఎప్పుడు మారింది అది? దానికీ మెట్లు కనిపించలేదు. సాయంత్రం వీధి మలుపు తిరగ్గానే వంటింటి కిటికీలో దీపం ఉందా అని చూసుకోవడం, దగ్గు వినిపిస్తే మాత్రలు కొనుక్కురావడం, ఆదివారాలు ఆవిడ మొక్కలకి మట్టి మారుస్తుంటే కుండీ పట్టుకోవడం. ఇవి కూడా లక్షణాలే. ఏ జబ్బుకో డాక్టరమ్మని అడగాలి. మేస్త్రి గిన్నెలో మిగిలిన అన్నం గోడవతల పారబోస్తున్నప్పుడు తను పారబోసింది అన్నం కాదు. ఈ కుక్క పోతే ఈవిడ వెళ్ళిపోతుంది, అంతే, ఇంత చిన్న లెక్క, ఇంత సిగ్గుమాలిన లెక్క, కుక్క ప్రాణం గురించి భయపడుతున్నాననుకుంటే దాని వెనకాల తన ఖాళీ ఇల్లు నిలబడి ఉంది.

కటకట చక్రం వినిపించింది. తలుపు తెరుచుకుంది, బల్ల కాదు, డాక్టరమ్మ ఒక్కతే వచ్చింది. చేతి తొడుగులు తీసేసింది. వాళ్ళ ఎదురుగా నిలబడకుండా మధ్యలో ఉన్న ఖాళీ కుర్చీలో కూర్చుంది, వరసంతా కదిలింది. ఆ కూర్చోవడంలోనే అతనికి అర్థమైంది, మంచి మాట చెప్పేవాళ్ళు నిలబడే చెప్తారు.

"ప్లీహం మీద పెద్ద గడ్డ ఉందండీ. అది పగిలింది. పొట్టలో చేరింది రక్తం. ఇంతకుముందు కూడా కొంచెం కొంచెంగా కారి ఆగి ఉంటుంది, అందుకే పడిపోయినవాడు మళ్ళీ లేచాడు. ఈసారి ఆగట్లేదు." ఇద్దరి వైపూ సమానంగా చూస్తూ చెప్పింది. "ఆపరేషన్ చెయ్యొచ్చు. బల్ల మీదే పోయే ప్రమాదం ఎక్కువ. లేచినా, గుండె దగ్గర కూడా ఇంకొకటి కనిపిస్తోంది. లేచినా చాలాకాలం ఉండడు, ఉన్నన్నాళ్ళూ సుఖంగా ఉండడు. లేదంటే నొప్పి తెలియకుండా నిద్రపుచ్చేస్తాను. మీరిద్దరూ మాట్లాడుకోండి. ఎక్కువ సమయం లేదు, కానీ మాట్లాడుకునేంత ఉంది."

"ముందే తీసుకొచ్చుంటే?" అన్నాడు అతను.

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "గడ్డ ఉందని ముందే తెలిసేది. దాన్ని తీసేసేవాళ్ళమేమో. తీసేస్తే మేలయ్యేదో కాదో మాత్రం చెప్పలేను. మీకు నిజం చెప్తున్నాను, ఓదార్చడానికి చెప్పట్లేదు." లేచి లోపలికి వెళ్ళింది.

ఆపరేషన్, అన్నాడు అతను మనసులో. వెంటనే అన్నాడు. ఏదైనా చెయ్యాలి, ఇంకో మందు, ఇంకో బల్ల, ఇంకో రోజు. అన్నాక అత్తగారి కోసం ఎదురుచూశాడు. ఇప్పుడు ఆవిడ చాలు అంటుంది. అంటే కోప్పడొచ్చు, అన్నేళ్ళుగా మింగింది ఇక్కడే కక్కేయొచ్చు.  గడియారం నడుస్తోంది, దాని లోపల పళ్ళచక్రం ఒకచోట పట్టి వదులుతోంది. ఆవిడ చేతిసంచీ పక్కన పెట్టింది. 

"మీరు చెప్పండి" అన్నాడు.

"నేను చెప్పను" అంది ఆవిడ. "అప్పుడొకసారి చెప్పా. ఇప్పటిదాకా మోస్తున్నా. ఈసారి నా వల్ల కాదు అల్లుడుగారూ."

"అప్పుడెలా చెప్పగలిగారు?" అడిగేశాడు. అంత సులువుగా వచ్చేసింది, అన్నేళ్ళు అడ్డంపడి ఉన్నది. "కన్నతల్లి అయ్యుండి. నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ అర్థం కాదు."

ఆవిడ తలుపు వైపు చూసింది. "అదే, నా కూతురే, చెప్పమంది నన్ను. ఇంక నా వల్ల కాదమ్మా, ఒళ్ళంతా సూదులే అంది. ఆయనకి నువ్వే చెప్పు, నేను చెప్తే ఆయన నన్ను బతిమాలతాడు, ఆయన బతిమాలితే నేను కాదనలేను, మళ్ళీ ఒప్పేసుకుంటాను అంది. నువ్వు అన్నట్టే ఉండనీ, నేను అడిగానని చెప్పకు, ఆయన బాధపడతాడు అని ఒట్టేయించుకుంది." చీర కొంగుతో మొహం తుడుచుకోలేదు, నీళ్ళు గడ్డం దాకా వచ్చి అక్కడే ఆగాయి. "ఇవాళ ఒట్టు తప్పాను. పోనీ. కోపం మీకు నా మీద ఉంటే నాకు నష్టం లేదు, దాని మీద ఉంటే కష్టం కదా అనుకున్నా."

అతనికి ఏమీ కనిపించలేదు కాసేపు. వరండా ఉంది, కేలెండరు ఉంది, అన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టున్నాయి. ఆయన బతిమాలితే. అవును, బతిమాలేవాడు. కాళ్ళు పట్టుకునేవాడు. ఆమె ఒప్పుకునేది, నవ్వుతూ ఒప్పుకునేది, మళ్ళీ సూదులు, మళ్ళీ వాంతులు, అతని కోసం. ఆమెని తన నుంచి కాపాడటానికి ఈ ముసలామె మధ్యలో నిలబడింది. నిలబడి, అతని మౌనమంతా తిన్నది, కూతురు పోయిన ఇంట్లో, కూతురి మొగుడు మొహం తిప్పుకుని పోతుంటే, కుక్కతో మాట్లాడుకుంటూ. బల్ల మీద మేస్త్రి పడుకున్న తీరు కళ్ళముందుకి వచ్చింది. వాడు బతిమాలడం ఎరగడు, కాదనడం కూడా ఎరగడు. కోసినా తోకే ఊపుతాడు. తను అడిగితే వాడు ఇంకో రోజు కూడా లేచి నిలబడతాడు, నిలబడబోయి పడతాడు, మళ్ళీ నిలబడతాడు.

అతను లేచాడు. కుర్చీల వరస కదిలింది. "ఆపరేషన్ వద్దు అత్తయ్యా" అన్నాడు. "నేనే చెప్తున్నా. మీరు కాదు."

లోపలి గదిలో బల్ల మీద వద్దని అడిగితే నేల మీద దుప్పటి పరిచారు. మేస్త్రి ఆ దుప్పటి మీద ఉన్నాడు. ఇద్దరూ చెరోపక్కా కూర్చున్నారు, ఆవిడ గోడ పట్టుకుని, మోకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి బతిమాలుకుని కూర్చుంది. కూర్చున్న అలికిడికి మేస్త్రి తోక నేల మీద మెల్లగా కొట్టుకుంది, టప్, మళ్ళీ టప్. అతను చెవి వెనక, వాడికి ఇష్టమైనచోట, గోకాడు. అక్కడ బొచ్చు ఇప్పటికీ కుక్కపిల్ల బొచ్చే, ఒళ్ళంతా ముసలిదైనా ఆ వేలెడు జాగా ముసలిది కాలేదు. ఆవిడ చెయ్యి డొక్క మీద వేసింది, ఎగసి పడుతున్న డొక్క మీద చెయ్యి కూడా ఎగసి పడింది. ఎవరూ వాడి చేత ఎవరికీ ఏమీ చెప్పించలేదు. "మంచోడివిరా" అంది ఆవిడ, "నా బంగారానివి. అలిసిపోయావు కదూ." అతను మాత్రం వాణ్ణి వేళ్ళతోనే పిలిచాడు. డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, ముందు కాలి మీద ముందే పెట్టిన గొట్టంలోకి మందు ఎక్కించింది, "ఇప్పుడు నిద్రపోతాడు" అని, కాసేపాగి, "ఇప్పుడు" అంది. డొక్క ఎగసింది. పడింది. ఎగసింది. అత్తగారి చెయ్యి కిందికి దిగి, మళ్ళీ పైకి లేవలేదు. యంత్రం ఆగిపోయిన మేడలో ఉండే నిశ్శబ్దం అతనికి తెలుసు, అది కాదు ఇది. దీనికి అడుగున ఏ చప్పుడూ లేదు. డాక్టరమ్మ గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది, వినాల్సిన దానికన్నా ఎక్కువసేపే విన్నది, తర్వాత వాళ్ళిద్దరి భుజాల మీదా ఒకసారి చెయ్యివేసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

కూర్చున్నారు. ఎంతసేపో. పక్కగదిలో పిల్లి ఇంకా తిడుతూనే ఉంది. ఎవరి బాధ వాళ్ళది. అతను ఏడ్చాడు, భార్య పోయినప్పుడు ఇలా ఏడవలేదు, అప్పుడు పళ్ళు బిగించి ఉన్నాడు, ఇప్పుడు నోరు తెరుచుకుని, ముక్కు కారుతూ, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ మేస్త్రి మీదుగా చెయ్యి చాపి అతని తల మీద వేసింది. అల్లుడి తల మీద అత్తగారు చెయ్యి వెయ్యడం ఎప్పుడూ లేదు, వేసింది, తీయలేదు.

"చిన్నదానికి ఫోన్ చెయ్యాలి" అంది ఆవిడ కొంతసేపటికి.

అతను తల ఎత్తలేదు. వస్తుందనుకున్న మాటే. ఇంత త్వరగా వస్తుందనుకోలేదు. "ఏమని చెప్తారు?" అన్నాడు.

"మేస్త్రి పోయాడని."

"ఊఁ."

"వస్తావా అని అడుగుతుంది. రానని చెప్తాను." ముక్కు చీదుకుంది. "ఎందుకు రావని అడుగుతుంది. ఇన్నాళ్ళూ వీడి మీద పెట్టి నెట్టుకొచ్చా. ఇప్పుడు నాకింక సాకు లేదు. మీరే ఏదో ఒకటి ఆలోచించి పెట్టండి."

అతను ఆవిడ వైపు చూశాడు. గట్టిగా తల ఊపాడు. లేవబోతే ఆవిడ మోకాళ్ళు మొండికేశాయి, అతను రెండు చేతులూ పట్టి లేపబోయాడు, అతని కాళ్ళు తిమ్మిరెక్కాయి, ఇద్దరూ గోడకి కొట్టుకుని, ఒకరినొకరు పట్టుకుని, ఎలాగో నిలబడ్డారు. దుప్పటి అంచులు మడిచి మేస్త్రిని రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. తెచ్చినప్పటికన్నా బరువున్నాడు, చావుకి బరువుంటుందని ఎవరో అంటే నమ్మలేదు ఎప్పుడూ. తలుపు తీయడానికి చేతులు ఖాళీ లేవు. ఆవిడ చేతిసంచీ భుజానికి తగిలించుకుని ముందు నడిచింది, గది తలుపు తీసి ఒంటితో ఆపి పట్టుకుంది, అతను దాటాక వరండా తలుపు, తర్వాత వీధి తలుపు. బయట ఇంకా వెలుతురుంది. "మెల్లగా" అంది, "మెట్టు ఉంది."